మెంబరు గారి సెల్‌ఫోను

మన ఊళ్లో మాట ఎక్కడ పుడుతుంది? వెనకటికి రావిచెట్టు అరుగు మీద పుట్టేది. టీ కొట్టు బల్ల మీద పుట్టేది. పడవ రేవులో, కొబ్బరి దింపు దగ్గర, చేల గట్ల మీద పుట్టేది. పది మంది వినేవారు. అందులో ఇద్దరు కాదనేవారు. సాయంత్రానికి మరో మాట వచ్చేది. పొద్దుటి మాట చల్లారిపోయేది.

ఇప్పుడు మాట సెల్‌ఫోనులో పుడుతోంది. అమలాపురంలో ఒకరు వేలితో నొక్కితే రాజోలులో ఫోను మోగుతుంది. కొత్తపేటలో మోగుతుంది. కువైట్‌లో పని చేసుకుంటున్న మన ఆడపడుచు ఫోనులోనూ మోగుతుంది. ఆ మాట చల్లారదు. ఏడాది తరవాత తీసి చూసినా వేడిగానే ఉంటుంది.

మనలాంటి వాళ్ల మాట ఒక ఎత్తు. మనం ఓటు వేసి గెలిపించిన వాళ్ల మాట మరో ఎత్తు. ఈ పాఠం వాళ్ల గురించి.

పల్లెలో వార్డు మెంబరు, సర్పంచ్ ఉంటారు. మండలంలో ఎంపీటీసీ ఉంటారు. అమలాపురం లాంటి మునిసిపాలిటీలో కౌన్సిలర్లు ఉంటారు. 1993లో 73, 74 రాజ్యాంగ సవరణలు అమలులోకి వచ్చాయి. అప్పటినుంచి ఈ పదవులకు రాజ్యాంగం బలం వచ్చింది. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు సీట్లు కేటాయించారు. మన రాష్ట్రంలో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవి. నిన్నటిదాకా ఊరి విషయంలో నోరెత్తనివ్వని వాళ్లకు మాట్లాడే చోటు దొరికింది. అది చిన్న సంగతి కాదు. అందుకే మెంబరు గారిని నోరు మూసుకోమని ఈ పాఠం చెప్పదు.

మరి గొడవ ఎక్కడ వస్తుంది? ఒక సంగతి అనుకుందాం.

ఒక ఊళ్లో ఒక వార్డు మెంబరు ఉన్నారు. చురుకైన మనిషి. పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకు వెళ్తారు. వీధి లైటు వెలగకపోతే నిలబడి వేయిస్తారు. ఒక రోజు లంకలో మంచినీళ్ల దగ్గర పేచీ వచ్చింది. ఎవరో ఆయన్ని నాలుగు మాటలు అన్నారు. ఆయనకు మనసు కష్టమయింది. రాత్రి పడుకోబోతూ పంచాయతీ గ్రూపులో ఇలా రాశారు: "ఈ లంకవాళ్లకి ఎంత చేసినా విశ్వాసం ఉండదు. ఇది నా సొంత అభిప్రాయం."

తెల్లారేసరికి లంకనుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆమెకు చదువు రాదు. మనవడి చేత చదివించుకుంది.

"మెంబరు గారూ, రాత్రి తమరు పెట్టింది విన్నానండి. మా లంకకి ఇంక నీళ్ల ట్యాంకరు రాదాండి?"

"అయ్యో, అదేంటి పెద్దమ్మా! ట్యాంకరు ఎందుకు రాదు? అది నా సొంత మాట. పంచాయతీ మాట కాదు."

"సొంత మాటైతే ఇంట్లో అనుకోవాలి గానండి. అది పంచాయతీ గ్రూపే కదండీ? తమరి ఫొటో కింద వార్డు మెంబరని రాసుంది కదండీ? మరి మాకెలా తెలుస్తాదండి, ఏది తమరి మాటో, ఏది పంచాయతీ మాటో?"

మెంబరు గారి దగ్గర జవాబు లేదు. మీరైతే ఏం జవాబు చెబుతారు? ఇక్కడ కాసేపు ఆగి పక్కవారితో మాట్లాడండి.

పెద్దమ్మ అడిగిన లాంటి ప్రశ్నే ఢిల్లీలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ దగ్గర ఒక కుటుంబం మీద ఘోరం జరిగింది. తల్లి మీద, చిన్న వయసు కూతురి మీద అత్యాచారం చేశారు. అప్పుడు ఆ రాష్ట్రంలో ఆజం ఖాన్ మంత్రి. ఇదంతా రాజకీయ కుట్ర అన్నట్టు ఆయన మాట్లాడారు. బాధితులు కోర్టుకు వెళ్లారు. చివరకు ఆయన సుప్రీంకోర్టుకు క్షమాపణ చెప్పుకున్నారు. కానీ కోర్టు అంతటితో వదల్లేదు. మంత్రి మాట ప్రభుత్వం మాట అవుతుందా? పదవిలో ఉన్నవాళ్ల నోటికి మామూలు జనం కంటే ఎక్కువ కట్టడి పెట్టవచ్చా? ఈ ప్రశ్నల మీద అయిదుగురు జడ్జీలు కూర్చున్నారు.

2023 జనవరి 3న తీర్పు వచ్చింది. నలుగురు జడ్జీలు ఒక మాట చెప్పారు. మంత్రి అన్న ప్రతి మాటనూ ప్రభుత్వానికి అంటగట్టకూడదు. మాట మీద ఏయే కట్టుబాట్లు ఉండవచ్చో రాజ్యాంగం 19వ అధికరణంలో ముందే రాసి ఉంది. కొత్తవి కలపకూడదు. అయిదో జడ్జి జస్టిస్ నాగరత్న కొంత వేరుగా చెప్పారు. మంత్రి తన హోదాలో ఉండి, ప్రభుత్వం తరఫున మాట్లాడితే అది ప్రభుత్వం మాటే అవుతుంది. అలా కాకపోతే అది ఆయన సొంత మాట, ఆయనే దానికి పూచీ.

తీర్పు మంత్రుల మాట చుట్టూ నడిచింది. అయినా మన పెద్దమ్మ ప్రశ్నకు అందులో కొంత జవాబు దొరుకుతుంది. పంచాయతీ అనేది ఒక మనిషి కాదు. మెంబర్లందరూ కూర్చుని, చర్చించి, ఒప్పుకుని, పుస్తకంలో రాసుకుంటే దాన్ని తీర్మానం అంటారు. తీర్మానమే పంచాయతీ మాట. సర్పంచ్ గారు ఫేస్‌బుక్‌లో రాసింది తీర్మానం కాదు. కౌన్సిలర్ గారు స్టేటస్ పెట్టింది మునిసిపాలిటీ నిర్ణయం కాదు. కాబట్టి పెద్దమ్మా, ట్యాంకరు మీ హక్కు. ఒక మెంబరు కోపంతో అది ఆగదు.

చట్టం అలా చెబుతుంది సరే. పెద్దమ్మ భయం మాత్రం అబద్ధం కాదు. ఊళ్లో పదవికీ మనిషికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. పింఛను కాగితం మీద సాయం చేసేది ఆ చెయ్యే, రాత్రి కోపంగా టైపు చేసేదీ ఆ చెయ్యే. నా మటుకు నాకు "ఇది నా సొంత అభిప్రాయం" అన్న ముక్క పెద్దగా పనికివచ్చేది కాదు. ముందు కొట్టి తరవాత "నా సొంత చెయ్యి" అంటే దెబ్బ తగ్గుతుందా?

ఈ గీత కోసం లండన్‌లోనూ పేచీ నడిచింది. 2005 ఫిబ్రవరిలో ఒక రాత్రి లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఒక విందునుంచి బయటికి వస్తున్నారు. విలేకరి ఒకరు ప్రశ్న అడిగారు. ఆ విలేకరి యూదుడు. మేయర్ చిరాకుపడి, అతన్ని యూదులను చంపిన శిబిరాల కాపలావాడితో పోల్చారు. 2006లో ఒక విచారణ మండలి మేయర్‌ను 4 వారాలు పదవికి దూరంగా ఉండమంది. ఆయన హైకోర్టుకు వెళ్లారు. ఆ సమయంలో ఆయన మేయర్ పని చేయడం లేదు, ఇంటికి పోతున్నారు, కాబట్టి శిక్ష చెల్లదని కోర్టు చెప్పింది. మేయర్ నెగ్గారు. మాట మంచిదని మాత్రం ఎవరూ అనలేదు.

ఇక మన చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగం 19వ అధికరణం మనందరికీ మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. మీకు, నాకు, మెంబరు గారికి ఒకేలా ఇచ్చింది. అందులోనే హద్దులూ ఉన్నాయి. దేశ భద్రతకు దెబ్బ తగిలేలా, ఊళ్లో శాంతి చెడేలా, ఒకరి పరువు పోయేలా, నేరం చెయ్యమని ఉసిగొలిపేలా మాట్లాడకూడదు. ఇంకా కొన్ని ఉన్నాయి. 2024 జూలై 1నుంచి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం వచ్చింది. కులం పేరున, మతం పేరున జనం మధ్య పగ రేపితే 196వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. నోటితో అన్నా, ఫోనులో పెట్టినా ఒకటే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. దళితులను, గిరిజనులను కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

అయితే ఎవరికో నచ్చలేదని, కోపం వచ్చిందని జైల్లో పెట్టడానికి లేదు. ఇంతకు ముందు ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షన్ ఉండేది. చిరాకు తెప్పించే మెసేజీ పెట్టినా దాని కింద పట్టుకుపోయేవారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని వేసిన కేసు అది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మెంబరు గారికి మాట్లాడే హక్కు ఉన్నట్టే, మెంబరు గారి పని బాగాలేదని రాసే హక్కు మీకూ ఉంది. "మా వీధిలో మురుగు తియ్యలేదు" అని మీరు గ్రూపులో పెడితే అది నేరం కాదు. "అలా పెట్టావు కాబట్టి నీ పింఛను తీయిస్తా" అని ఎవరైనా అంటే, తప్పు అన్నవారిది. పింఛను ఎవరికి రావాలో ప్రభుత్వం నియమాలు చెబుతాయి గాని, మెంబరు గారి ఇష్టం చెప్పదు.

"నేను రాయలేదండి, ఎవరో పంపితే నేను పంపాను" అనేవాళ్లు చాలామంది. ఇలా పంపడాన్ని ఫార్వర్డ్ అంటారు. తమిళనాడులో ఎస్.వి. శేఖర్ అనే సినిమా నటుడు ఉన్నారు. ఒకప్పుడు ఎమ్మెల్యే కూడా. 2018లో ఆడ విలేకరులను కించపరిచే పోస్టు ఒకటి ఆయన ఫేస్‌బుక్‌లో పంచారు. గొడవ అయ్యాక తీసేసి, క్షమాపణ చెప్పారు. చదవకుండా పంపానన్నారు. కంట్లో మందు వేసుకున్నానని కూడా చెప్పించారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఫోను వాడేవారు తమ మాట ఎంత దూరం పోతుందో ఎరిగి ఉండాలని చెప్పింది. నలుగురు ఎరిగిన మనిషి పంపితే జనం నమ్ముతారు. అందుకే బరువు ఎక్కువ.

గ్రూపు నడిపే వారిని అడ్మిన్ అంటారు. గ్రూపులో ఎవరో పెట్టిన చెడ్డ మెసేజీకి అడ్మిన్‌ను శిక్షించడానికి లేదని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పింది. అయినా చూస్తూ ఊరుకోవడం వేరు, తీసేయడం వేరు. మెంబరు గారే అడ్మిన్ అయితే జనం ఆయన వైపే చూస్తారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా చెప్పుకోవాలి.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. జనం సంతోషించారు. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టాలని చాలామంది కోరారు. మే 18న ప్రభుత్వం ఒక ప్రకటన ఇచ్చింది. జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని మార్చాలనుకుంటున్నాం, అభ్యంతరాలు, సలహాలు ఉంటే 30 రోజుల్లో రాసి ఇవ్వండి అంది. చూడండి, దారి తెరిచే ఉంది. కాగితం మీద రాసి కలెక్టరాఫీసులో ఇస్తే చాలు. కావాలన్నవారూ రాయవచ్చు, వద్దన్నవారూ రాయవచ్చు.

కానీ కాగితం కంటే ఫోను ముందు నడిచింది. ఒక గ్రూపునుంచి ఇంకో గ్రూపుకు పిలుపులు పోయాయి. మే 24న అమలాపురంలో వేల మంది పోగయ్యారు. 144వ సెక్షన్ ఉన్నా ఆగలేదు. బస్సులు తగలబడ్డాయి. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. రాళ్లు రువ్వితే పోలీసులకు దెబ్బలు తగిలాయి. తరవాత పోలీసులు ఆ వాట్సాప్ గ్రూపులే పట్టుకుని ఎవరెవరు వచ్చారో వెతికారు. పట్టుబడిన వాళ్లలో కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క పూట ఆవేశం వాళ్ల మెడకు కేసుగా చుట్టుకుంది. ఉద్యోగాలకు పోవలసిన వయసు, కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

ప్రభుత్వం కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసింది. రోజులు గడిచినా రాలేదు. ఫోను ద్వారా డబ్బు పంపేవాళ్లకు, తీసుకునేవాళ్లకు పని ఆగింది. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద ఉద్యోగం చేసే పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి గట్ల దాకా, పక్క జిల్లాల దాకా పోయారు. రాళ్లు రువ్విన వాడికీ రువ్వని వాడికీ ఒకే శిక్ష పడింది. ఇంత చేసినా పేరు ఆగలేదు. జూన్ 24న మంత్రివర్గం ఆమోదించింది. ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

పేరు మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ అలాంటి రోజున ఒక సర్పంచ్ ఫోనులో ఏం రాస్తే బాగుండేది? "నా అభిప్రాయం ఇదీ. నేను కలెక్టరు గారికి రాసి ఇచ్చాను. మీ అభిప్రాయం మీరూ రాసి ఇవ్వండి. ఇంకా గడువు ఉంది" అని రాయవచ్చు. పేరు కావాలనేవారైనా, వద్దనేవారైనా ఇదే మాట రాయవచ్చు. ఇందులో అభిప్రాయం ఉంది, కానీ నిప్పు లేదు. "మన వాళ్లందరూ కదలాలి, తాడో పేడో తేలాలి" అని రాస్తే? "మన వాళ్లు" అనగానే ఊరు రెండయింది. వార్డులో ఆ రెండో వాళ్లూ ఉన్నారు. వాళ్ల నీళ్ల కుళాయి, వాళ్ల రేషను కార్డు కూడా ఆ సర్పంచ్ చూడవలసినవే. వాళ్లు మర్నాడు ఏ ముఖంతో పంచాయతీ గుమ్మం ఎక్కుతారు?

రాసి తుడిపేస్తే పోతుంది కదా అని కొందరు అనుకుంటారు. పోదు. చదివిన వాళ్లలో ఒకరు దాన్ని ఫొటో తీసి ఉంచుతారు. దాన్ని స్క్రీన్‌షాట్ అంటారు. పలక మీద రాత తడిగుడ్డతో పోతుంది గాని, ఇది పలక కాదు.

మంచి చేయబోయి చిక్కుల్లో పడే దారి ఇంకొకటి ఉంది. ఎవరికో పింఛను ఇప్పించారు. సంతోషంతో వాళ్ల ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. దొంగలకు ఇంకేం కావాలి? ఇల్లు చూపించి తాళం చెవి ఇచ్చినట్టే. ఒక ఆడపిల్ల మీద అత్యాచారం జరిగితే, న్యాయం కావాలని పిల్ల పేరు, ఫొటో పెట్టేస్తారు. అది నేరం. న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద 2 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆ పిల్ల రేపు ఊళ్లో తలెత్తుకుని తిరగాలి కదా!

ఇంతా చదివి, మెంబరు గారు ఫోను ముట్టుకోకుండా ఉంటేనే మేలు అనుకోకండి. ఫోను ప్రాణం కాపాడిన రోజులూ ఉంటాయి. మనది గోదావరి పాయల మధ్య ఉన్న సీమ. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 10 లక్షలు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. దీన్నిబట్టి ఆ ఏడు ఎంత నీరు వచ్చిందో చూడండి. లంకలు మునిగాయి. అలాంటప్పుడు లంకవాళ్లు ముందు చూసేది మెంబరు గారి మెసేజీయే.

కింద రెండు మెసేజీలు ఉన్నాయి. ఇవి చదవడం నేర్చుకోవడానికి రాసినవి. పైకి చదవండి.

మొదటిది: "అందరికీ షేర్ చేయండి!! గట్టు తెగిపోయింది!! ఆఫీసర్లు నిద్రపోతున్నారు!! మనల్ని వదిలేశారు!!"

రెండోది: "నేను మీ 4వ వార్డు మెంబరును. మంగళవారం సాయంత్రం 5 గంటలకు నేనే గట్టు దగ్గర ఉన్నాను. గట్టు తెగలేదు. ఒక చోట నీరు ఊరుతోంది. ఇసుక బస్తాలు వేస్తున్నారు. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చారని పంచాయతీ ఆఫీసులో చెప్పారు. లంకలో ముసలివాళ్లను, పిల్లలను చీకటి పడకముందే హైస్కూలుకు పంపండి. పడవ రేవులో ఉంది. బస్తాలు ఆలస్యంగా వచ్చాయి. నాకూ కోపంగానే ఉంది. నీరు తీశాక గ్రామసభలో అడుగుతాను."

రెండోదానిలోనూ మెంబరు గారి సొంత అభిప్రాయం ఉంది. అది ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించండి. మొదటి మెసేజీలో తేదీ ఎక్కడ ఉంది? ఎవరు చూశారో ఎక్కడ ఉంది? అర్ధరాత్రి మీ ఫోనుకు మొదటిది వస్తే మీరు ముందు ఎవరికి ఫోను చేసి అడుగుతారు? ఆ మనిషి పేరు, నంబరు ఈ పేజీ అంచున మీ చేత్తో రాసుకోండి.